గుర్రపుడెక్కను ముక్కుపురుగు ఎట్లు ముంచును?

బాలలారా, మన కాలువలలోను చెరువులలోను ఊదారంగు పూలతో, చూపులకు మనోహరముగా తేలుచుండు గుర్రపుడెక్కను మీరెరుగుదురు గదా! దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతము. అనుకూలమైన నీటిలో రెండు వారములలోనే రెట్టింపై, పడవలకు దారియు చేపలకు ప్రాణవాయువును లేకుండ జేయు నీ మొక్క, పుట్టినింట నేల ఇంతగా చెలరేగదు? అచ్చట దానిని తిని బ్రతుకు పురుగులున్నవి. మనుష్యులు పూలకై మురిసి మొక్కను దేశదేశములకు కొనిపోయిరే గాని, దాని శత్రువులను వెంట గొనిపోలేదు.

ఆ శత్రువులలో నొకటి, అమ్మ చేటలో చెరుగునపుడు కనబడు బియ్యపు పురుగునకు చుట్టమైన, చిన్న ముక్కుపురుగు. ఈత నేర్చువారిని ఎండిన సొరబుర్ర తేల్చునట్లు, గాలి నిండిన కాడలే గుర్రపుడెక్కను తేల్చుచుండును. పెద్దపురుగులు ఆకులను గీకి తినగా, వాని పిల్లలు కాడలను తొలిచి లోనికి బోవును. ఆ రంధ్రములగుండ నీరు చేరి, కాడ క్రుళ్ళి, మొక్క మెల్లమెల్లగా మునిగిపోవును. ఇది ఒక్కనాటి పని గాదు, ఏండ్లు పట్టును.

మరి అవి మన వరిపైరును తినవా? పట్టుపురుగు మల్బరీ ఆకునే కోరునట్లు, వీనికి గుర్రపుడెక్కయే ఆహారము. శాస్త్రజ్ఞులు ఆ సంగతిని అనేక మొక్కలపై పరీక్షించి చూచిన పిదపనే 1972లో అమెరికాలోని ఫ్లారిడాయందును, 1980ల దశకమున బెంగళూరు చెరువులలోను వీనిని విడిచిరి. అయితే మురుగునీరు చేరిన చెరువులలో, పురుగు తినుదానికంటె మొక్క పెరుగుటయే వేగముగా నుండును.