మంచము పట్టిన పెద్దలకు డైపరు తొడుగుట

కళాశాల వార్షిక సంచికలో తెలుగు అధ్యాపకుల వ్యాసమనగా పాఠకులు ఏ పోతన భక్తిని గూర్చియో, ఏ గురజాడ సంస్కరణ దృష్టిని గూర్చియో ఎదురు చూతురు. పెద్దల డైపరును గూర్చి వ్రాయుట కొందరికి వింతగాను, మరికొందరికి అసభ్యముగాను తోచవచ్చును. అయినను మేము ఈ విషయమునే ఎన్నుకొంటిమి. మన విద్యార్థులలో అనేకుల యిండ్లలో పక్షవాతము చేతనో, తుంటి యెముక విరుగుట చేతనో, మతిమరపు వ్యాధి చేతనో మంచము పట్టిన దాదీయో, నానాయో, తాతగారో ఉన్నారు. అట్టి యింట తెల్లవారుజామున మొదట జరుగు పని డైపరు మార్చుట. ఆ పని ఎట్లు చేయవలెనో నేర్పువారు అరుదు. ఆసుపత్రి నుండి రోగిని ఇంటికి పంపునపుడు మందుల చీటీ చేతికిచ్చెదరు. బరువైన దేహమును ఎటు త్రిప్పవలెను, పట్టీని ఎక్కడ అంటించవలెను అనునది ఇంటివారే తంటాలు పడి తెలిసికొనవలసి వచ్చుచున్నది. ఈలోగా నడుము పట్టుకొనిపోవుట కోడలికి, చర్మము ఒరసికొనిపోవుట రోగికి.

2011 జనాభా లెక్కలలో మన దేశమున అరువది యేండ్లు నిండినవారు 10 కోట్లకు మించిరి. ఆ సంఖ్య నానాటికి పెరుగుచున్నది. వృద్ధులు మిక్కిలిగా గల జపానులో, ఓజి హోల్డింగ్స్ అను పెద్ద కాగితపు పరిశ్రమ సంస్థ ఆ దేశమున పసిబిడ్డల డైపర్ల తయారీని ఆపి, పెద్దల డైపర్లపైననే దృష్టి నిలుపుదుమని 2024లో ప్రకటించినది. మనమింకను అంత దూరము పోలేదు గాని, మన వీధి చివరి మెడికల్ షాపులో ఆ ప్యాకెట్లు దొంతరలుగా కనిపించుట మాత్రము అందరును చూచుచున్నదే.

భాషా బోధకులము గనుక ఒక్క మాట. ఆంగ్లమున డైపరు అనునది మొదట ఒక నేత గుడ్డకు పేరు. చిన్న చిన్న డైమండు గళ్ళ నమూనాతో నేసిన తెల్లని వస్త్రమును అట్లు పిలిచిరి. దానిని పిల్లలకు చుట్టుట వాడుకయై, కాలక్రమమున గుడ్డ పోయి పేరు మిగిలినది. మనకు పొత్తిగుడ్డ అను చక్కని మాట ఉన్నది. కాని అది పసిబిడ్డలది; డెబ్బది యేండ్ల మనిషికి వాడినచో నొచ్చుకొందురు. కావున అంగడి మాటనే మేమును వాడుచున్నాము.

తొడుగుట సులభము కావలెనన్నచో ముందుగా ఆ వస్తువు నిర్మాణము తెలియవలెను. ఒంటికి తగులు పై పొర పలుచని నాన్‌వోవెన్ గుడ్డ; అది తేమను క్రిందికి జారవిడుచును. నడుమ నున్నది చెక్క గుజ్జు నుండి తీసిన దూదివంటి పదార్థము, అందు కలిపిన తెల్లని రవ్వ. సోడియం పాలీయాక్రిలేట్ అను ఈ రవ్వ స్వచ్ఛమైన నీటిని తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చుకొనగలదు. మూత్రమున లవణము లుండుటచే ఆ శక్తి బాగుగా తగ్గిపోవును. అయినను పీల్చిన దానిని జిగురు ముద్దవలె పట్టి ఉంచును, రోగి బరువు పైన పడినను అంత తేలికగా వదలదు. ఇట్టి అతిశోషక పదార్థములపై 1960ల దశకమున అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు పని చేసిరి. అవి డైపర్లలో విరివిగా వాడుకకు వచ్చినది 1980ల దశకముననే. అంతకు మున్ను పాత చీర ముక్కలు, రబ్బరు షీటు మాత్రమే గతి. అన్నిటికంటె వెలుపలిది నీరు దాటనీయని పొర. తొడల వద్ద సాగు దారముతో కుట్టిన అంచులు నిలువుగా లేచి గట్లవలె పనిచేయును. ఈ గట్లు మడతపడి లోపలికి పోయినచో ఎంత ఖరీదైన డైపరైనను కారిపోవును. చాలమంది కంపెనీని నిందింతురు గాని దోషము తొడుగుటలోనే ఉండును.

కొలత సంగతి. పెద్దది కొన్నచో ఎక్కువ పీల్చునను భ్రమ మన యిండ్లలో బలముగా ఉన్నది. అది సరికాదు. నడుము, పిరుదులు రెండింటిని టేపుతో కొలిచి, ఏది ఎక్కువో దానిని ప్యాకెట్టుపై నున్న పట్టికతో సరిచూడవలెను. పెద్ద సైజు తొడల వద్ద వదులై కారును. చిన్నది గజ్జలలో కోసికొనిపోవును. రెండు డైపర్లు ఒకదానిపై నొకటి తొడుగుట కూడ వ్యర్థమే, లోపలి దాని ప్లాస్టిక్ పొర దాటి తేమ రెండవ దానిలోనికి పోదు గదా.

ఇక అసలు పని. క్రొత్త డైపరు, తడిగుడ్డలు, పొడిగుడ్డ, క్రీము, పాత కాగితము, చేతి తొడుగులు అన్నియు చేతికందునట్లు ముందే పెట్టుకొనవలెను. రోగిని ఒక ప్రక్కకు త్రిప్పి పట్టుకొన్న తరువాత గుడ్డ కొరకు అలమార వద్దకు పరుగెత్తుటయే అనేక ప్రమాదములకు మూలము. ప్యాకెట్టులో అదిమి ఉంచినందున డైపరును విప్పి, దులిపి, నిలువుగా సగమునకు ఒకసారి మడిచి వదలవలెను. అపుడది దోనెవలె వంపు తిరిగి, అంచుల గట్లు తమంతట తాము లేచి నిలుచును. ఈ చిన్న పని చేయువారిని మేము ఎక్కువగా చూడలేదు. పట్టీలున్న వైపు వెనుకకు రావలెను.

మంచము ఎత్తు ముఖ్యము. మోకాళ్ళ యెత్తున ఉన్న మంచము ముందు రోజునకు నాలుగు సార్లు వంగినచో ఏ నడుమైనను నిలువదు. సేవ చేయువారి నడుము ఎత్తునకు పరుపు వచ్చుట మేలు. మంచపు కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టుట మన అలవాటు. ఇటుక జారును, గుంట చేసిన చెక్క దిమ్మెలు నయము. కాని రోగి తనంతట దిగు స్థితిలో ఉన్నచో ఎత్తు పెంచరాదు, పడిపోవును. నులక మంచము ఈ పనికి బొత్తిగా పనికిరాదు. నడుమ కుంగి దేహమును తిరుగనీయదు. ఒంటరిగా చేయువారికి మంచము గోడకు ఆనించి, నడుమ సందు లేకుండ ఉండుట ఉపకారమే. గోడ రెండవ మనిషివలె ఆధారమగును.

మొదట పాత డైపరు పట్టీలు విప్పి, అవి చర్మమునకు అంటుకొనకుండ వెనుకకు మడిచివేయవలెను. ముందు భాగమును తొడల మధ్యకు దింపి, ముందు నుండి వెనుకకే తుడువవలెను. స్త్రీల విషయమున ఈ దిశ తప్పినచో మలములోని క్రిములు మూత్రమార్గమున చేరి జ్వరము తెచ్చును. తరువాత మనవైపు నున్న రోగి మోకాలిని వంచి, అటు చేతిని ఱొమ్ముపైకి తెచ్చి, ఒక అరచేయి భుజము వెనుక, ఒకటి తుంటిపై ఉంచి గోడవైపు నెట్టవలెను. చేయి పట్టి లాగుట, కాలు పట్టి ఎత్తుట కూడదు. వంచిన మోకాలే మీటవలె పనిచేసి దేహమును దుంగవలె ఒక్కసారిగా త్రిప్పును. బలము కంటె ఈ మెలకువయే పనిచేయును. పక్షవాత రోగియైనచో చచ్చుబడిన చేతిని ఎన్నడును లాగరాదు, భుజము కీలు జారును. ఆ వైపునకు త్రిప్పునపుడు భుజమును ముందుకు జరిపి, దాని క్రింద నలుగకుండ చూడవలెను.

ప్రక్కకు తిరిగిన తరువాత వెనుక శుభ్రపరచి, పాత డైపరును మలినము లోపలికి పోవునట్లు చుట్టి దేహము క్రిందికి త్రోయవలెను. క్రొత్త దానిని సగము చుట్టి దాని ప్రక్కనే దూర్చి, మధ్య గీత వెన్నెముకకు సరిగా, పై అంచు నడుము మట్టమునకు వచ్చునట్లు ఉంచవలెను. ఇపుడు అవతలి మోకాలు వంచి రోగిని మన వైపునకు త్రిప్పుకొన్నచో పాతది అవతల బయటపడును. దానిని తీసి, మిగిలిన భాగము తుడిచి, క్రొత్తదాని చుట్ట విప్పవలెను. వెల్లకిల పరుండబెట్టి ముందు భాగమును తొడల మధ్యగా నలుగకుండ పైకి తీయవలెను. పురుషులకు మూత్రాంగము క్రిందివైపు ఉండునట్లు సరిచేయనిచో పొట్ట మీదుగా కారి పరుపంతయు తడియును. క్రింది పట్టీలను ముందుగా, కొంచెము పైకి వాలునట్లు అంటించుట. అటుపిమ్మట పై పట్టీలు అడ్డముగానో, కొంచెము క్రిందికి వాల్చియో. క్రింది పట్టీలు తొడ సందును మూయును, పై పట్టీలు నడుమును పట్టును. పొట్ట వద్ద రెండు వ్రేళ్ళు దూరునంత వదులు ఉండవలెను. చివరగా గజ్జల వెంబడి ఒక వ్రేలు పోనిచ్చి అంచులను వెలుపలికి తీయవలెను. రోగి తన మోకాళ్ళు రెండును మడిచి నడుము ఎత్తగలిగినచో ఈ దొర్లింపులన్నియు అక్కరలేదు. ఎత్తిన క్షణమున క్రిందికి జరిపిన చాలును.

పట్టీలలో రెండు జాతులు. జిగురు పట్టీ ప్లాస్టిక్ పొరపై అంటును. చేతికి నూనెగాని, పౌడరుగాని ఉన్నచో అంటదు. కావున క్రీము రాసిన చేతితో పట్టీ ముట్టరాదు. రెండవది కొక్కెముల పట్టీ. స్విట్జర్లాండు వాసి జార్జ్ డి మెస్ట్రాల్, తన కుక్క బొచ్చుకు పట్టుకొన్న పల్లేరువంటి కాయలను చూచి కనిపెట్టిన వెల్క్రో సూత్రమే ఇది. ఎన్నిసార్లయినను విప్పి సరిచేసికొనవచ్చును. క్రొత్తగా నేర్చుకొనువారికి ఇదియే తగినది.

లేచి నిలువగలవారికి ప్యాంటు రకము సుఖము. కూర్చుండబెట్టి, బలహీనమైన కాలు ముందు, బలమైన కాలు తరువాత దూర్చి మోకాళ్ళ వరకు లాగి, నిలువబెట్టి ఒక్కసారి పైకి ఎత్తవలెను. తీయునపుడు క్రిందికి లాగనక్కరలేదు. రెండు ప్రక్కల కుట్లు చింపినచో ఊడివచ్చును. ఇవికాక విదేశములలో బెల్టు రకము ఒకటి వాడుకలో ఉన్నది. ముందు బెల్టును నడుమునకు బిగించి, పిమ్మట ముందు భాగమును కాళ్ళ నడుమ నుండి తెచ్చి దానికే తగిలింతురు. రోగి నిలుచున్నను తొడుగవచ్చును, సేవకురాలు అంతగా వంగనక్కరలేదు. ఇట్టిది మన అంగళ్ళలో సులభముగా దొరకినచో ఎంత మేలో!

మూత్రములోని యూరియా నిలువయున్న కొలది అమ్మోనియాగా మారును. దానిచే చర్మపు సహజమైన ఆమ్లగుణము చెడి, ఎఱ్ఱబారి, పొరలు ఊడును. మలము కలిసినచో మరింత కీడు. కనుక మల విసర్జన జరిగిన వెంటనే మార్చవలెను. తడికి మాత్రము డైపరు వెలుపలి గీత రంగు మారుట గుర్తు. జింకు క్రీము పలుచగా రాయుట మంచిదే, గోడకు సున్నము వేసినట్లు వేసినచో అది డైపరు రంధ్రములనే మూసివేయును. పౌడరు ముద్దలు కట్టి ఒరయును. డైపరు మార్చుట వేరు, ఒత్తిడి పుండ్లు రాకుండ సుమారు రెండు గంటలకొకసారి ప్రక్క మార్చుట వేరు. మొదటిది చేసినందున రెండవది తీరదు.

ఇచట ఒక బాధాకరమైన సంగతి చెప్పక తప్పదు. కోడలికి శ్రమ తప్పించుటకై నీరు త్రాగుట మానివేయు పెద్దలు ఉన్నారు. నీరు తగ్గించి ఇచ్చు ఇంటివారును ఉన్నారు. నీరు తగ్గినచో మూత్రము చిక్కబడి మరింత మండించును, మలబద్ధకము పెరుగును, పని తగ్గదు. అట్లే, నడిపించి తీసికొనిపోవు ఓపిక లేక నడువగల వారికి డైపరు తగిలించుట అన్యాయము. నడక పోయిన తరువాత తిరిగి వచ్చుట కష్టము. మంచము ప్రక్కన కమోడు కుర్చీ పెట్టి చూచిన తరువాతనే డైపరు మాట తలపెట్టవలెను.

మన యిండ్లలో నమాజు వేళకు ముందు శుభ్రపరచుమని కోరు పెద్దలు కలరు. తొడుగువారు ఆ వేళలనే మార్పు వేళలుగా పెట్టుకొన్నచో ఇరువురికిని ఊరట. మూత్రము నిలువనివారికి షరియత్తున వెసులుబాటు ఉన్నదని తెలియక, ఏడ్చుచు నమాజు మానుకొన్న ముసలివారిని మేము ఎరుగుదుము. తెలిసిన ఆలిమును ఇంటికి పిలిచి ఆ మాట వారి చెవిని వేయించుట కూడ సేవలో భాగమే. సతరు విషయమున, దుప్పటి పూర్తిగా తీయక, అవసరమైనంత మేరకే జరిపి పని చేయవచ్చును. తలుపు మూయుట, "ఇపుడు ఇటు త్రిప్పుచున్నాను, దాదీమా" అని చెప్పి ముట్టుట, ముక్కు మూసికొనకుండుట. మాట పోయిన రోగికిని చెవులు ఉండును.

మామగారికి కోడలు ఈ పని చేయవలసి వచ్చుటలో ఇరువురికిని ఎంత సంకోచమో చెప్పనక్కరలేదు. కొడుకులు, మనుమలు ఇంట ఉండగా ఇది ఆడవారి పనియని ప్రక్క గదిలో కూర్చుండుట మాకు సమంజసముగా తోచదు. పందొమ్మిదేండ్ల విద్యార్థికి ఈ పని నేర్చుకొనుటకు రెండు మూడు దినములు చాలును.

తీసిన డైపరును దొడ్డిలో విసరుట, మురుగు కాలువలో పడవేయుట, మరుగుదొడ్డిలో త్రోయుట మూడును చేయరానివి. లోని జిగురు ఉబ్బి గొట్టములను మూసివేయును. 2016 ఘన వ్యర్థముల నియమములలోనే దీనిని తయారీదారు ఇచ్చు సంచిలో గాని, తగిన చుట్టు వస్తువులో గాని చుట్టి ఇవ్వవలెనని ఉండెను. మలమును మాత్రము ముందుగా మరుగుదొడ్డిలో దులిపి, మలినము లోపలికి పోవునట్లు చుట్టి, దాని పట్టీలతోనే బిగించి, పాత వార్తాపత్రికలో కట్టి, పైన ఎఱ్ఱ సిరాతో గుర్తు పెట్టినచో చెత్తబండి వచ్చు మనిషి దానిని చేతితో విప్పి చూడనక్కరలేదు.