వైద్యశాలయే వ్యాధిద్వారము కారాదు

రోగార్తులు స్వస్థత గోరి వైద్యశాల నాశ్రయింతురు. ఆ వైద్యశాలయే రోగవ్యాప్తికి రాజమార్గమైనచో వారి కిక దిక్కెవ్వరు? కోవిడ్ అత్యవసరస్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 మే 5 న ప్రకటించినది. భయము తీరిన యీ కాలముననే యీ ప్రశ్నను విచారించుట యుక్తమని మేము తలంచుచున్నాము.

ఇది క్రొత్త ప్రశ్న కాదు. 2003 మార్చి 7 న కెనడా దేశమున టొరంటోలోని స్కార్బరో గ్రేస్ వైద్యశాలకు సార్స్ వ్యాధిగ్రస్తు డొకడు వచ్చెను. ఆ వ్యాధికి అప్పటి కింకను పేరైనను లేదు. అతనిని రాత్రియంతయు అత్యవసర విభాగముననే యుంచిరి. ప్రక్క మంచములకును అతనికిని నడుమ నున్నది గుడ్డతెర మాత్రమే. ప్రక్కనున్న రోగు లిరువురకు వ్యాధి సోకెను. వారినుండి వైద్యసేవకులకు, కుటుంబములకు, వేరొక వైద్యశాలకును బ్రాకెను. మే నెలలో ఆపద గడచినదని జాగ్రత్తలను సడలింపగా వ్యాధి మరల విజృంభించెను. లోకమున ఆ వ్యాధి సోకిన 8,098 మందిలో సుమా రయిదవవంతు వైద్యసేవకులే!

దీనిని విచారించిన న్యాయమూర్తి ఆర్చీ కాంప్‌బెల్ 2007 లో వెలువడిన తన నివేదికయందు ముఖ్యముగ జెప్పిన దొక్కటి: శాస్త్రనిర్ణయము సంపూర్ణమగువరకు రక్షణచర్యలను వాయిదా వేయరాదు. ఆ హితవును లోకము పెడచెవిని బెట్టినది. కోవిడ్ గాలిద్వారా వ్యాపించునది కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 మార్చి 28 న చాటినది. వ్యాపించునని 2021 లో నంగీకరించినది. ఈ నడుమ అనేక వైద్యశాలలు చేతులు కడుగుటయందును, బల్లలు తుడుచుటయందును జూపిన శ్రద్ధను గాలి విషయమున జూపలేదు. చేతిశుభ్రత యనావశ్యకమని మే మనము. అది యొక్కటియే చాలదందుము.

మన దేశమున మరియొక చిక్కు గలదు. రోగికి అన్నము పెట్టువారు, మందు తెచ్చువారు, రాత్రి కావలియుండువారు బంధువులే. నర్సుల సంఖ్య చాలనిచోట వారిని వెలుపలికి బంపుట రోగిని నిరాధారుని జేయుటయే. కావున ఒక రోగికి ఒక్క సహాయకుని మాత్ర మనుమతించి, వానికిని ఎన్-95 మాస్కు నిచ్చి, దానిని ధరించు విధము నేర్పవలెను.

పూర్వపు ఆసుపత్రులకు ఎత్తైన కప్పులు, ఎదురెదురు కిటికీలు, వసారాలు నుండెడివి. నేటి శీతలయంత్రముల గదులు పెక్కింటిలో నున్న గాలియే మరల మరల తిరుగుచున్నది. అంటురోగుల ప్రత్యేకగదిలో గంటకు 12 మారులు గాలి మారవలెననుట నిపుణుల ప్రమాణము. గాలి వీచనినాడు తెరచిన కిటికీయు జాలదు. లోపలిగాలిని వెలుపలికి ద్రోయు పంకాలు కావలెను. ఇందుకు కోట్లు వెచ్చింప నక్కరలేదు.

తలిదండ్రుల పేర వార్డులు గట్టించు దాతలు మనలో గలరు. చలువరాతి ఫలకముకంటె ముందుగా కిటికీలను, పంకాలను లెక్కించుడని వారిని వేడుచున్నాము. 2020 మార్చి 22 సాయంకాలమున మన ప్రజలు వైద్యసేవకులకై చప్పట్లు చరచిరి. ఆ కృతజ్ఞత నిజమైనచో, రాబోవు మహామారినాటికి ఒక్క నర్సయినను మాస్కులేక రోగికడకు బోవలసిన దుర్గతి పట్టకుండ నేడే చూడవలెను.