ఊరికొక ఆటబయలు

శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురమునకు చేరువనున్న పరిగి గ్రామము పెద్ద చెరువునకు పేరొందినది. ఆ ఊరి పొలిమేరలో ఒక సాయంకాలము మేము చూచిన దృశ్యమే ఈ వ్యాసమునకు హేతువైనది. వేరుశనగ తీసిన చేనిలో ఇరువదిమందికి పైగా పిల్లలు బంతి తన్నుచుండిరి. గోలు స్తంభములకు మారుగా ఇరువైపుల చెప్పులు పెట్టబడియుండెను. బంతి పైతోలు ఒకచోట ఊడి వ్రేలాడుచుండెను. సగముమందికి బూట్లు లేవు. ఓడిన పక్షమువారు తాము తిన్న గోలుల లెక్క మరచి, ఇంకొక్క ఆట, ఇంకొక్క ఆట యని ప్రొద్దు క్రుంకువరకు ఎదుటివారిని వదలలేదు.

మా ప్రక్కన నిలిచియున్న ఒక రైతు పెద్ద, ఆ చేని ఆసామి, కొంతసేపు చూచి "ఈ ఆట కూడు పెడుతుందా సామీ?" అని మమ్మడిగెను. ఆ మాటలో ఎగతాళి లేదు. ఆయన మనుమడును ఆ గుంపులోనే యుండెను. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమలో, మబ్బును నమ్మి విత్తనము చల్లు కుటుంబములోని పెద్ద, బిడ్డ గడుపు ప్రతి గడియకును ఫలమేమని అడుగుట సహజము. అప్పుడు మేము ఏదో పొడిగా సమాధానము చెప్పి వచ్చితిమి. తరువాత ఆలోచింపగా, ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుట ఆయనకే కాదు, ఈ ప్రాంతపు భూస్వాములకును పట్టణవాసులకును అవసరమని తోచినది.

ముందుగా ఆ ఆట సంగతి. 1863లో లండనులో నియమములు వ్రాయబడిన ఈ కాలిబంతి ఆట మన దేశమునకు తెల్లదొరల దండులతో వచ్చినది. అయినను అది దొరల సొత్తుగా ఎన్నాళ్లో నిలువలేదు. 1911 జూలై 29వ తేదీన కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు, ఒక్కరు తక్క తక్కినవారందరును వట్టికాళ్లతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమును 2-1 గోలులతో ఓడించి షీల్డు గెలిచెను. 1948 లండను ఒలింపిక్సులో ఫ్రాన్సుతో పోరాడి 1-2 గోలులతో మాత్రమే ఓడిన మన జట్టులోను అనేకులు పాదరక్షలు లేకయే ఆడిరి. క్రికెట్టునకు బల్లలు, పట్టీలు, చేతితొడుగులు కావలెను. టెన్నిసునకు ప్రత్యేకముగా కట్టిన ఆవరణ కావలెను. కాలిబంతికి ఒక బంతియు కొంత నేలయు చాలును. పేదవానికి ఇంతకంటె చవుకయైన ఆట మేమెరుగము.

అయితే వట్టి ఆట వేరు, క్లబ్బు వేరు. నలుగురు పిల్లలు కలిసి బంతి తన్నినచో అది ఆట. ఆ పిల్లలే ఒక పేరు పెట్టుకొని, వారమునకు ఇన్నిదినములని నిర్ణయించుకొని, నెలకు తలా కొంత చందా వేసికొని, రాని వానిని ఏల రాలేదని అడుగుచు, ప్రక్క ఊరి జట్టునకు కబురు పంపి పందెము కుదుర్చుకొన్నచో అది క్లబ్బు. ఎంత చిన్న క్లబ్బయినను అందొక లెక్కల పుస్తకముండును. బంతిలో గాలి నింపువాడొకడు, సున్నముతో గీతలు గీయువాడొకడు, చొక్కాలు ఉతికి తెచ్చువాడొకడు ఉందురు. ఆనాటి జట్టులో చోటు దొరకని వాడును గట్టున కూర్చుండి తనవారికొరకు గొంతు చించుకొనును. ఓర్పునుగూర్చి బడిలో పది పాఠములు విన్నను, ఆ గట్టుమీద ఒక సాయంకాలము కూర్చున్నంతగా అలవడదు.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. మన గ్రామములలో పేటకొక కులము, కులమునకొక బావి అను కాలము పూర్తిగా గతించినదని చెప్పుటకు వీలులేదు. కాని ఆట మధ్యలో దప్పిగొన్న పదునొకండుగురు ఒకే బిందె చుట్టు చేరుదురు. బంతిని ఎవరికి అందింపవలెనని కాలు ఆలోచించునప్పుడు, ఎవడు ఖాళీగా నున్నాడనియే చూచును కాని ఎవడు ఏ ఇంటివాడని చూడదు. చూచినచో గోలు తప్పిపోవును. సభలలో తీర్మానములు చేసియు మనము సాధింపలేకపోయిన పనిని ఈ బంతి ప్రతిదినము ఒక గంటసేపైనను సాధించుచున్నది.

తెలుగుదేశమునకు ఈ ఆట క్రొత్తది కాదు. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము ఉపాధ్యాయ వృత్తినుండి వచ్చినవాడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకములు గెలిచెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించి నాల్గవ స్థానమున నిలిచెను. జకార్తా విజయము నాటికి ఆయన శరీరమును కాన్సరు తినివేయుచుండెను. మరుసటి సంవత్సరము జూన్ నెలలో ఆయన కన్ను మూసెను.

రహీము పతకములకంటె ఆయన పద్ధతియే మనకిపుడు ముఖ్యము. బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలెనను పోటీలను, బంతిని తనయొద్ద నట్టిపెట్టుకొనక వెంటనే తోడివానికి అందింపవలెనను పోటీలను ఆయన ఏర్పరచెను. కుడికాలివాడు ఎడమకాలితో తన్నబోయి బోర్లపడునపుడు చూచువారు నవ్వుదురు, పడినవాడును నవ్వును. ఆ నవ్వులోనే విద్య అబ్బును. బడిపంతులునకు తెలిసిన రహస్యమిది: పిల్లవానికి వినోదమైనదే వానికి వంటబట్టును. హైదరాబాదులో ఆ వైభవము తరువాత తగ్గుటకు కారణములు పెక్కులు చెప్పబడుచున్నవి. పిల్లలాడుకొను మైదానములు ఒకటొకటిగా కట్టడముల పాలగుట వానిలో నొకటి. వేరు కొట్టి కొమ్మకు నీరు పోసిన ఫలితమేమగునో దానిని చూచి తెలిసికొనవచ్చును.

ఇక మన సీమకు వత్తము. 1969లో విన్సెంట్ ఫెర్రర్ దంపతులు అనంతపురమున స్థాపించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు ఆస్పత్రులతోను పాఠశాలలతోను ఆగక క్రీడలకును చోటిచ్చినది. ఆ సంస్థవారి క్రీడాగ్రామమున క్రికెట్టు, హాకీ, టెన్నిసులతోపాటు కాలిబంతియు నేర్పబడినది. పల్లెల బాలబాలికలకు శిక్షణయు లీగు పోటీలును కల్పింపబడినవి. 2024 సెప్టెంబరులో దేశములోని మేటి క్రికెట్టు ఆటగాండ్రు దులీప్ ట్రోఫీ ఆడుటకు వచ్చినదియు ఆ సంస్థ మైదానమునకే. కరవుసీమయని పేరుపడిన చోట ఇంతటి పచ్చికబయలు వెలయుట సామాన్యము కాదు.

కాని 2025లో ఆ సంస్థకు విదేశ విరాళములు స్వీకరించు అనుమతి విషయమున చిక్కు ఏర్పడినపుడు అనంతపుర ప్రాంత ప్రజలు దిగులుపడి ఊరేగింపులు జరిపిరి. ఆ చిక్కునందలి న్యాయాన్యాయముల విచారణ ఈ వ్యాసమునకు సంబంధించినది కాదు. అందలి పాఠము మాత్రము మనలను గ్రుచ్చుచున్నది. మన బిడ్డలు బంతి తన్నుట ఎక్కడనో దూరదేశములలోని పుణ్యాత్ముల దాతృత్వముపైనను, ఒక కాగితముపైనను ఎంతవరకు ఆధారపడి యుండవలెను? పరోపకారులను మేము చేతులెత్తి నమస్కరింతుము. అయినను ఊరి దేవుని ఉత్సవమునకు ఊరే చందా వేసికొనుచుండగా, ఊరి పిల్లల బంతికి మాత్రము పరాయివారి ముఖము చూచుట మనకు గౌరవమా?

బాలికల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పరిగి చేనిలో మేము చూచిన గుంపులో ముగ్గురు ఆడపిల్లలుండిరి. అందొకతె గోలు కాచుచుండెను. బంతి మీదికి వచ్చునప్పుడు మగపిల్లలు పలువురు ముఖము త్రిప్పుకొనుచుండగా ఆమె త్రిప్పలేదు. ఆమె వయస్సు పదియో పదునొకటియో యుండును. ఇంకొక రెండేండ్లకు ఆమెను ఇంట కూర్చుండబెట్టుదురేమోయను శంక మాకప్పుడే కలిగినది. ఏలయన, మన ఇండ్లలో అట్లు జరుగుట అందరెరిగినదే. నిజామాబాదు జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య భారత మహిళా జట్టులో ఆడినది. 2025 జూలైలో మన మహిళలు థాయ్‌లాండును దాని గడ్డమీదనే 2-1 గోలులతో ఓడించి ఆసియా కప్పునకు అర్హత సంపాదించిరి. ప్రతి పల్లెపిల్లయు సౌమ్య కాజాలదు, కానక్కరయు లేదు. కాని ఏ పిల్లయు ఆడదైనందుననే బంతిని విడువవలసిన అవసరము రాకూడదు.

ఇచ్చట పెద్దలకొక హెచ్చరిక. ఆటను అణచివేయువారు ఆటను వద్దనువారు మాత్రమే కారు. గట్టుమీద నిలిచి కన్నబిడ్డను పదిమందిలో తిట్టు తండ్రియు, ఓడిన జట్టును ఎండలో పరుగెత్తించు శిక్షకుడును, పిల్లల పందెముమీద డబ్బు కట్టు పెద్దమనిషియు అంతకంటె ఎక్కువ కీడు చేయుదురు. ఉద్యోగములలో క్రీడాకారుల వాటాను దృష్టిలో నుంచుకొని ఎనిమిదేండ్ల వానిని మైదానమునకు తరుముట గింజకట్టకమునుపే చెట్టు పెరికి కాయలు వెదకుటవంటిది. నార్వే యను చిన్న దేశమున పదునొకండేండ్లు నిండబోవు సంవత్సరము వచ్చువరకు పిల్లల పోటీలలో ఫలితముల పట్టికలు ప్రకటింపరాదని క్రీడాసంఘములు నియమము చేసికొన్నవి. సుమారు 55 లక్షల జనము గల ఆ దేశము శీతకాలపు ఒలింపిక్సు పతకములలో ప్రపంచమున కెల్ల ముందున్నది. ఆనందము ముందు, ఆరితేరుట తరువాత అను క్రమము అక్కడివారికి నష్టము కలిగింపలేదు.

ఇంతకును మనము చేయవలసినదేమి? ముందుగా నేల. భూమి లెక్క తెలిసిన పాఠకులకు లెక్కతోనే చెప్పెదము. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల పూర్తి మైదానమునకు ఎకరము 76 సెంట్లు పట్టును. ఏడేసిమంది చొప్పున ఆడు పిల్లలకు 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు చాలును. అది 60 సెంట్లు మించదు. మన మెట్టచేలలో వేరుశనగ పీకిన పిమ్మట మరల తొలకరి వరకు నేల చాలవరకు బీడుగనే యుండును. ఆ నెలలలో ఒక ఆసామి 60 సెంట్లలో గుంటక తోలించి, రాళ్లు ఏరించి, పిల్లలకు విడిచినచో ఆయనకు కలుగు నష్టమేమి? గట్టున నాలుగు నీలగిరి వాసములు పాతించినచో చెప్పుల గోలులకు సెలవు.

ఇది తాత్కాలిక సాయము మాత్రమే. శాశ్వతమైన పని పంచాయతీలది. ప్రతి గ్రామమునను పోరంబోకులో ఒక బయలును ఆటస్థలముగా తీర్మానించి, హద్దురాళ్లు పాతి, రికార్డులో వ్రాయింపవలెను. వ్రాయింపని బయలు ఈనాడు దిబ్బయై, రేపు దొడ్డియై, ఎల్లుండి ఇండ్ల ప్లాట్లగుట మనము చూచుచున్నదే. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణముల చుట్టు నేల ధర పెరుగుచున్నకొలది ఈ తొందర మరింత అవసరము. పట్టుగూళ్ల వర్తకులును, చీరెల వ్యాపారులును, బెల్లపు మండీల యజమానులును తలా ఒక క్లబ్బునకు సంవత్సరమునకు రెండు బంతులు, ఒక జత వలలు ఇచ్చినచో అది వారి ఖాతాలలో కనబడని ఖర్చు. ఆడపిల్లలున్న క్లబ్బునకు ఒక పెద్దమ్మయో ఉపాధ్యాయినియో తోడుగా నిలిచినచో తల్లిదండ్రుల శంక సగము తీరును.

ఇప్పుడు ఆ పరిగి ఆసామి ప్రశ్నకు వత్తము. అయ్యా, ఈ ఆట కూడు పెట్టదు. కూడు పెట్టునని మిమ్ము నమ్మించుట మా ఉద్దేశము కాదు. కాని అది కూడు తినునట్టి ఆకలి పెట్టును. ప్రొద్దు క్రుంకినపిమ్మట సెల్‌ఫోనుపై వ్రాలక నిద్రించునట్టి అలసట పెట్టును. ఓడినను రేపు మరల రావచ్చునను ధైర్యము పెట్టును. వాన తప్పిన యేడును విత్తనము దాచుకొని మరుసటి తొలకరికి ఎదురుచూచు రైతునకు ఆ ధైర్యము విలువ వేరొకరు చెప్పవలెనా?

ఆ సాయంకాలము చీకటి పడువేళ బంతి దొరలివచ్చి ఆయన కాలివద్ద ఆగినది. పిల్లలు కేకలు వేసిరి. ఆయన క్షణము సంశయించి, చెప్పు విడిచి, బంతిని తిరిగి తన్నెను. అది పోవలసిన వైపునకు పోక గట్టు దాటి మల్బరీ తోటలో పడినది. పిల్లలు నవ్విరి. ఆయనయు నవ్వెను. వచ్చు తొలకరిలో ఆయన ఆ చేనిని దున్నక మానడు, మానుమని మేము కోరము. ఆ పిల్లలకు అప్పుడు నిలువ నేల యుండునట్లు పరిగి పెద్దలును, పరిగివంటి ప్రతి ఊరి పెద్దలును ఈ వేసవిలోనే ఏర్పాటు చేయుదురని ఆశించుచున్నాము.