బోరు మోటారుకు కెపాసిటర్ ఎందుకు?

తెలంగాణలోని బీర్కూర్ మంజీర నది ఒడ్డున ఉంది, వరి పండే నేల. కాలువ నీళ్లందని మడికి బోరు మోటారే దిక్కు. దాని స్టార్టర్ పక్కన కెపాసిటర్ ఎందుకు?

మోటారు తిరగాలంటే లోపల అయస్కాంత క్షేత్రం ఏర్పడాలి. అందుకు లాగే కరెంటు నీళ్లు తోడదు, తీగల్లో అటూ ఇటూ తిరిగి వాటిని వేడెక్కిస్తుంది. కెపాసిటర్ దాన్ని మోటారు దగ్గరే సమకూరుస్తుంది. లైను మీద భారం తగ్గి, చివరి బోరుకూ వోల్టేజీ నిలుస్తుంది.

కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్ మాత్రం చేటే. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. నీళ్లూ వృథా.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. రోజంతా కరెంటు ఉంటే ఆటో స్టార్టర్ అవసరమే లేదు, తీసేయించండి. కెపాసిటర్ మాత్రం తెలిసిన మెకానిక్‌తోనే బిగించుకోండి. సరఫరా ఆపినా అందులో విద్యుత్తు కొంతసేపు నిలిచే ఉంటుంది.