వార్తల్లో పదం: వాచ్ అవర్స్

యూట్యూబ్ ఛానల్‌లోని వీడియోలను ప్రేక్షకులు చూసిన మొత్తం సమయమే వాచ్ అవర్స్. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే ఛానల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా అంతే మంది సబ్‌స్క్రైబర్లతో 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి.

పగలంతా ఉద్యోగం చేసుకుంటూ ఛానల్ నడిపేవారికి ఈ లెక్క చాలా ముఖ్యం. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కో వీక్షణ సగటున 4 నిమిషాలు సాగితే 60,000 వీక్షణలు చాలు. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఇందులో కలవదు. పైగా ఏడాది దాటిన గంటలు లెక్కలోంచి జారిపోతుంటాయి. అందుకే వారానికి నాలుగైదు గంటలే చేతిలో ఉన్నవారు రోజుకో తునక వదలడం కన్నా, జనం ఏళ్ల తరబడి వెతికే విషయంపై (మిద్దెతోట, టెట్ లెక్కలు, పాసుపుస్తకంలో తప్పుల సవరణ) వారానికి ఒక్క నిండైన వీడియో చేయడమే మేలు. ఒకే ఆదివారం రెండు మూడు చిత్రీకరించుకుంటే, షెడ్యూల్ సదుపాయంతో అవి వారానికొకటిగా వాటంతటవే విడుదలవుతాయి.

అయితే ఛానల్ ఆదాయం కోరే ముందు ఉద్యోగ నిబంధనలూ చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయరాదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ప్రైవేటు ఉద్యోగులు నియామక పత్రంలోని షరతులు చదివాకే ఆదాయానికి దరఖాస్తు చేసుకోవాలి.