మూత్రపిండములు: పుట్టువుతో వచ్చిన మూలధనము



“నాకు మూత్రము ధారాళముగానే వచ్చుచున్నదే, ఇక మూత్రపిండములకు లోపమెక్కడిది?” అని ఒక పెద్దమనుష్యుడు నన్నొకప్పుడు అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి నా ప్రసంగము.

మూత్రపిండములు నడుమునకు పైభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల నుండును. కుడిప్రక్కన కాలేయముండుటచే ఆ పిండము కొంచెము దిగువగా నుండును. ఆకారమున చిక్కుడుగింజను పోలి, ఒక్కొక్కటి సుమారు 150 గ్రాములు తూగును. ఒక్కొక్క దానియందు సుమారు 10 లక్షల వృక్కనాళికలు గలవు. ప్రతి నాళిక మొదట గిన్నె వంటి తొడుగును, దానిలో సన్నని రక్తనాళముల ముడియు నుండును. ఈ నిర్మాణమును 1842లో ఇంగ్లండు దేశీయుడగు విలియం బౌమన్ సూక్ష్మదర్శినితో పరీక్షించి వివరించెను.

ఈ ముడులనుండి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము వడియును. మన రక్తములోని ద్రవభాగము 3 లీటర్లు మాత్రమే. వడిసినదంతయు బయటకు పోయినచో ఒక్క గడియలో ఆ ద్రవము తీరిపోవును! కాని ఇల్లాలు కొట్టులోని సామానంతయు వాకిట పెట్టి, పనికివచ్చునది మరల లోపల చేర్చి, చెత్తను మాత్రము పారవేయునట్లు, నాళికలు నీటిని, చక్కెరను, లవణములను తిరిగి రక్తమునకు అప్పగించును. మిగిలిన లీటరు, లీటరున్నర మూత్రనాళముల ద్వారా మూత్రాశయమును చేరును. ఇదిగాక రక్తపోటును దిద్దుట, రక్తకణముల ఉత్పత్తికి ప్రేరణనిచ్చుట గూడ ఈ పిండముల పనియే.

ఇవి పుట్టు విధము వినుడు. గర్భస్థ శిశువునకు మూడు జతలు వరుసగా కలుగును. మొదటి రెండును తాత్కాలికములు. ఐదవ వారమున మొలకెత్తు మూడవ జతయే నిలుచును. అది కటిభాగమున పుట్టి, క్రమముగా పైకి చేరును. తొమ్మిదవ నెలతో క్రొత్త నాళికల నిర్మాణము ముగియును. పిమ్మట పోయిన నాళికకు మారు నాళిక పుట్టదు. నెలలు నిండని బిడ్డలకును, తక్కువ తూకముతో పుట్టిన బిడ్డలకును ఈ మూలధనము తరచుగా కొరతపడును. కావున ఇంట గర్భిణికి మంచి తిండి, విశ్రాంతి కల్పించుట మనుమల మూత్రపిండములను గాపాడుటయే.

కొన్ని నాళికలు చెడినప్పుడు మిగిలినవి ఆ భారమును మోయును. అందుచేత చాలభాగము నశించువరకు బాధ తోచదు. మూత్రమును చిక్కపరచు శక్తి తగ్గి, రాత్రులందు మూత్రము ఎక్కువగుటయు గలదు. కావున మూత్రము వచ్చుట ఆరోగ్యమునకు నిదర్శనము కాదు. అందులో ఏమి పోవుచున్నదో చూడవలయును.

మధుమేహము, రక్తపోటు గలవారు ఏటేట మూత్రమున ఆల్బుమిన్‌కును, రక్తమున క్రియాటినిన్‌కును పరీక్ష చేయించుకొనవలయును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున ఈ రెండు జబ్బులును లేని సేద్యగాండ్రకు సైతము మూత్రపిండములు చెడినవి; అట్టి ప్రాంతములవారికి ఈ పరీక్ష మరింత అవసరము. నొప్పిమాత్రలను వైద్యుని యడుగక నిత్యము మ్రింగరాదు.

పెద్దలు మీరు ముందుగా పరీక్షకు నడచినచో ఊరివారు మీ వెంట నడచెదరు. సెలవు.