ఊరూ పేరూ లేని నాణెం

రోమన్ నాణేల్లో ఎక్కువ పేరుమోసింది బ్రూటస్ వేయించిన నాణెం. క్రీ.పూ. 44 మార్చి 15న జూలియస్ సీజర్‌ను పొడిచి చంపినవాళ్లలో ముఖ్యుడతను. ఆ తర్వాత రెండేళ్లకు, సైన్యాన్ని వెంటేసుకుని తిరుగుతూ, సిపాయిల జీతాలకు సొంత నాణేలు అచ్చువేయించాడు. బొమ్మ వైపు తన తల. బొరుసు వైపు రెండు బాకులు, వాటి నడుమ విముక్తుడైన బానిస పెట్టుకునే టోపీ, కింద హత్య జరిగిన తేదీ. చేసిన హత్యను దాచుకోవడం అటుంచి, సాక్ష్యాన్ని చేతిచేతికీ పంచిపెట్టాడు. ఈ రకంలో బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో 32 లక్షల పౌండ్లకు పైగా పలికింది. దాని పూర్వ యజమానులంటూ చూపిన వివరాలు కల్పితమని అమెరికాలో జరిగిన దర్యాప్తు తేల్చడంతో 2023లో నాణెం గ్రీసుకు చేరింది. దేశానికైతే చేరింది, పడివున్న చోటికి చేరలేదు. పాత నాణెంలో ఉండే చరిత్ర సగం దాని ముఖం మీద ఉంటుంది. మిగతా సగం అది ఏ నేలలో, వేటి పక్కన, ఏ వరసలో ఉందన్న దానిలో ఉంటుంది. మొదటి సగాన్ని ఎప్పుడైనా చదువుకోవచ్చు. రెండో సగాన్ని మాత్రం తవ్వేటప్పుడు ఒక్కసారే చదవగలం, అప్పుడు చదవకపోతే పోయినట్టే.

ముఖం మీది చరిత్ర తక్కువదేమీ కాదు. పత్రికలు లేని కాలంలో చక్రవర్తి మాట మూలమూలకూ మోసింది నాణెమే. గెలిచిన యుద్ధం, కట్టిన గుడి, వారసుడిగా ఎంచుకున్న కుర్రవాడు అన్నీ దానిమీద ఉంటాయి. ఓడిన యుద్ధం మాత్రం కనిపించదు. అయితే నాణెం నోరు అబద్ధమాడినా ఒళ్లు ఆడదు. దెనారియస్ అనే వెండి నాణేన్ని చూడండి. శ్రీనాథుడి కనకాభిషేకం కథతో మనకు పరిచయమైన దీనారం అన్న మాటకు మూలం అదే. ఆగస్టస్ కాలంలో అది దాదాపు మేలిమి వెండి. క్రీ.శ. 64లో నీరో దాని బరువు తగ్గించాడు. అంతవరకు పౌను వెండికి 84 నాణేలు వేసేవారు, ఆపైన 96 వేశారు. వెండిలో రాగి పాలు కూడా పెంచారు. సెప్టిమియస్ సెవెరస్ నాటికి వెండి సుమారు సగానికి దిగింది. అతని కొడుకు కరకల్లా 215లో కొత్త నాణెం తెచ్చి, తలపై సూర్యకిరణాల కిరీటం పెట్టుకున్నాడు. దాని విలువ రెండు దెనారియస్‌లనీ, బరువు మాత్రం ఒకటిన్నరేననీ పండితులు లెక్కగట్టారు. 270 ప్రాంతానికి అందులో మిగిలిన వెండి నూటికి రెండు మూడు పాళ్లు. మిగతాదంతా రాగి, పైన తెల్లటి పూత. సైన్యం జీతాలు పెరుగుతూ పోయాయి, గనులూ ఖజానా వాటిని అందుకోలేకపోయాయి. ఇదంతా తెలుసుకోవడానికి నాణెం ఎక్కడ దొరికిందో తెలియక్కర్లేదు, త్రాసూ రసాయన పరీక్షా చాలు. ఇక్కడివరకూ నాణెం చేతికొస్తే చాలనే సేకరణకారుడి పక్షమే నెగ్గుతుంది.

ఆ పక్షం ఓడే చోటికి వద్దాం. 1900లో ఫ్రాన్స్‌లోని నాంత్ పట్టణానికి దగ్గర ఒక నాణేల కుప్ప దొరికింది. అందులో ఒకదానిమీద డొమిటియానస్ అనే చక్రవర్తి పేరుంది. క్రీ.శ. 81 నుంచి 96 వరకు ఏలిన డొమిషియన్ కాదు. ముఖమూ నాణెం తీరూ మూడో శతాబ్దానివి. ఆ కాలపు సేనాని ఒకడికి ఆ పేరున్నట్టు పాత గ్రంథాల్లో ఒకటి రెండు ముక్కలున్నాయి గానీ, గద్దెనెక్కినట్టు లేదు. ఒక్కగానొక్క నాణెం కావడంతో దొంగదనీ, మరో నాణేన్ని చెక్కి దిద్దినదనీ అన్నారు. చక్రవర్తి వందేళ్లపాటు అనుమానితుడిగానే మిగిలాడు. 2003లో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర చాల్‌గ్రోవ్‌లో ఒక కుండ దొరికింది. అందులో 5,000కు కాస్త తక్కువ నాణేలు చిలుముపట్టి ఒకే ముద్దగా అతుక్కుపోయి ఉన్నాయి. దొరికినవాళ్లు దాన్ని బద్దలుకొట్టకుండా అప్పగించారు. బ్రిటిష్ మ్యూజియంలో ఒక్కొక్కటే విడదీస్తుంటే లోపలినుంచి అదే డొమిటియానస్ బయటపడ్డాడు, ఫ్రాన్స్ నాణేన్ని కొట్టిన అచ్చులతోనే. పదిహేడు వందల ఏళ్ల చిలుము మధ్యకు ఏ దొంగ చెయ్యీ దూరలేదు కదా! 271 ప్రాంతంలో బహుశా కొన్నాళ్లపాటు గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) రాజ్యాన్ని ఏలినవాడికి చరిత్రలో చోటు దక్కింది. అదే నాణేన్ని ఎవరో ముందే ఊడబెరికి, తోమి, సంతలో పెట్టి ఉంటే? రెండు దొంగ నాణేలున్నాయనే అనేవారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. డొమిటియానస్ అరుదైనవాడు సరే. మామూలు నాణేల సంగతేమిటి? నాలుగో శతాబ్దపు రాగి నాణేలు గంపలకొద్దీ దొరుకుతాయి, ఒక పూట భోజనం ఖర్చుతో ఒకటి కొనుక్కోవచ్చు. వాటిలో ఒకటి ఎక్కడ దొరికిందో తెలియకపోతే లోకానికొచ్చే నష్టమేమిటి? దీనికి జవాబు 2010లో ఇంగ్లండులోనే ఫ్రోమ్ దగ్గర పొలంలో దొరికింది. లోహశోధక యంత్రంతో తిరిగే అభిరుచిపరుడొకాయనకు మట్టిలో కుండ మూతి తగిలింది. ఆయన తవ్వడం ఆపేసి పురావస్తు శాఖవాళ్లను పిలిచాడు. ఈ వ్యాసానికి నాయకుడంటూ ఉంటే ఆయనే అనాలి. వాళ్లు కుండను పొరలు పొరలుగా ఖాళీ చేశారు, ఏ పొర నాణేలు ఆ పొరకే మూటకట్టారు. మొత్తం 52,503 నాణేలు, సుమారు 160 కిలోలు. దాదాపు అన్నీ నాసిరకపు మామూలు నాణేలే. ఎవరో ఏటేటా కూడబెట్టిన హుండీ అయివుంటే, పాతవి అడుగునా కొత్తవి పైనా ఉండాలి. ఇక్కడ నాణేలమీద కనిపించే పాలకుల్లో అందరికంటే కడపటివాడైన కరాసియస్ నాణేల్లో ఎక్కువ భాగం కుండ సగానికి కిందే ఉన్నాయి. అంటే అంతా ఒక్కసారే పోసిందన్నమాట. పైగా అంత బరువుతో నిండిన ఆ పలచటి కుండను ఎత్తితే పగులుతుంది కాబట్టి, ముందు గోతిలో దించి తర్వాత నింపివుండాలి. మళ్లీ తీసుకునే ఉద్దేశమే లేకుండా దేవతలకు సమర్పించారేమో అన్న వాదం ఇక్కడినుంచే పుట్టింది. ఆ వాదం నిలుస్తుందా లేదా అన్నది వేరే మాట. వాదించుకోవడానికి ఆధారమిచ్చింది మాత్రం విడిగా చిల్లిగవ్వ చేయని నాణేల వరస.

రెండో ఆక్షేపణ ఇంతకంటే గట్టిది. సేకరణకారులు లేకపోతే నాణేల శాస్త్రమే లేదు. ఇటలీ కవి పెట్రార్క్ 14వ శతాబ్దంలోనే రోమన్ నాణేలు కూడబెట్టి, కొన్నింటిని చక్రవర్తి నాలుగో చార్లెస్‌కు కానుకిచ్చాడు. యూరప్ మ్యూజియాల పెట్టెలు చాలావరకు రాజులూ ప్రభువులూ పాదరీలూ సొంత సరదాతో నింపినవే. ఈ మాట ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకుంటూనే, ఆ సరదాకు తోడు పుట్టిన మరో వృత్తినీ గుర్తుచేయాలి. బెకర్ అనే జర్మన్ 19వ శతాబ్దం మొదట్లో తానే అచ్చులు చెక్కి పాత నాణేలు తయారుచేసేవాడు. వాటిని ఇనుపరజనుతో పెట్టెలో వేసి, బండికి తగిలించి, గతుకుల దారిలో షికారు తిప్పి ముసలితనం తెప్పించేవాడట. పుట్టినచోటు అడగని సంతలో బెకర్‌లు బతుకుతారు. అభిరుచినీ సమాచారాన్నీ కలిపి నడపవచ్చని బ్రిటన్ చేసి చూపింది. 1996 చట్టం ప్రకారం నిధి దొరికితే అధికారులకు చెప్పాలి, మ్యూజియం తీసుకుంటే దొరికినవాడికీ నేల సొంతదారుకూ ప్రతిఫలం ముడుతుంది. ఫ్రోమ్ కుండ పాతిన చోటే ఆగడానికి ఆ ఏర్పాటు చేసిన సాయం చిన్నది కాదు.

ఇక మన నేల. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. దక్షిణాదిన దొరికిన ఇలాంటి కుప్పల్లో ఎక్కువ భాగం ఆగస్టస్, టిబేరియస్ చక్రవర్తుల నాణేలే. నీరో వన్నె తగ్గించిన తర్వాతి వెండి నాణేలు అరుదు. మన వర్తకులు గీటురాయి మీద తేడా పసిగట్టి తక్కువరకం వెండిని తోసిపుచ్చారన్న అంచనాకు ఇదే ఆధారం. తమిళనాట పుదుక్కోట్టై దగ్గర 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో అత్యధికం మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంది. లోపల మేలిమేనా అని పరీక్షించారని కొందరూ, పరాయి రాజు బొమ్మను రద్దుచేసి వట్టి లోహంగా లెక్కగట్టారని కొందరూ అంటారు. రోము వీధిలో అలాంటి గాటు దెబ్బ మాత్రమే, వేలంలో ధర తగ్గించే లోపం. మన నేలమీద దొరికిందని తెలిసినప్పుడే అది ఒక మాటగా వినిపిస్తుంది.

ఇక్కడ తొందరపడకూడదు కూడా. నాణెం మీది తేదీ అది ఓడ ఎక్కిన తేదీ కాదు. టిబేరియస్ నాణేలు అతను పోయాక ఎన్నో ఏళ్లకు, మంచి వెండి అని ఏరిమరీ పంపివుండవచ్చు. నీరో తర్వాతి వెండి లేదని వర్తకం ఆగిందనలేం, తర్వాతి చక్రవర్తుల బంగారం దక్షిణాదిన దొరుకుతూనే ఉంది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్స్ నాణేలు లాగేసుకుంటోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు గానీ, అది లెక్కల పుస్తకమో, విలాసాలమీద కోపమో చెప్పడం కష్టం. ఇలాంటి ముడులు విప్పాలంటే పక్కన ఏముందో తెలియాలి. పెద్దపల్లి జిల్లా పెద్దబంకూరు తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు వేల శాతవాహన నాణేలున్న ఊళ్లోనే బయటపడ్డాయి కనుక, ఆ రెండూ ఒకే జనం చేతుల్లో తిరిగాయా అని అడగగలుగుతున్నాం. మన దగ్గర 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. లంకెబిందె దొరికిన ఇంట మొదట గుర్తొచ్చేది కలెక్టరు కాదు, కంసాలి. మూసలో పడ్డ నాణేనికి ముఖమూ ఉండదు, ఊరూ ఉండదు.

సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో శాతవాహనుల కాలపు ఊరు తవ్వినప్పుడు, రోమన్ నాణేన్ని చూసి చేసిన మట్టిబిళ్లలు దొరికాయి. వాటిమీద చక్రవర్తి తల ఉంది, మెడలో కట్టుకోవడానికి పైన కొక్కెం ఉంది. బంగారు నాణెం కొనలేని ఇంటివాళ్లు చేయించుకున్నవి కావచ్చు. కరిగించడానికి వాటిలో ఏమీ లేదు. ఏ కంసాలీ వాటికి పైసా ఇవ్వడు. అవి తవ్విన ఊరి పేరుతోనే నేటికీ ఉన్నాయి.